కరోలైన్ జాన్ టేలర్: శాసనకర్త, సేద్యకర్త

వ్యాససంగ్రహం:
అమెరికా సంయుక్త రాష్ట్రాల తొలితరం శాసనకర్తలలో వర్జీనియాకు చెందిన జాన్ టేలర్ (1753-1824) విలక్షణమైన వ్యక్తి. ఆయన సెనేట్ సభ్యుడు, రాజ్యాంగ వ్యాఖ్యాత, వ్యవసాయ సంస్కర్త. నేల సారాన్ని కాపాడడం, అధికార కేంద్రీకరణను నిరోధించడం అనే రెండు లక్ష్యాలు ఆయన రచనలలో కలిసి నడుస్తాయి. ఆ రెండింటికీ ఆధారమైన బానిస శ్రమను మాత్రం ఆయన సమర్థించాడు. టేలర్ జీవితాన్ని, వ్యవసాయ సిద్ధాంతాన్ని, అందులోని ఈ వైరుధ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: జాన్ టేలర్, వర్జీనియా, అరేటర్, భూసారం, రాష్ట్రాల హక్కులు, బానిసత్వం.

1. జీవిత రేఖలు:
టేలర్ బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, బంధువైన ఎడ్మండ్ పెండిల్టన్ సంరక్షణలో పెరిగాడు. పెండిల్టన్ వర్జీనియాలో పేరుగాంచిన న్యాయవేత్త. టేలర్ విలియం అండ్ మేరీ కళాశాలలో చదివి, పెండిల్టన్ వద్దనే న్యాయశాస్త్రం అభ్యసించాడు. స్వాతంత్ర్య సమరంలో సైన్యంలో పనిచేశాడు. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన ఉత్తర కరోలినా ప్రతినిధి జాన్ పెన్ కుమార్తె లూసీని 1783లో వివాహమాడాడు. న్యాయవాదిగా ఆర్జించిన ధనాన్ని భూములపై వెచ్చించి, రాపహానక్ నదీ ప్రాంతంలోని పోర్ట్ రాయల్ సమీపాన 'హేజల్‌వుడ్' క్షేత్రంలో స్థిరపడ్డాడు. అదే పేరున్న ఇతరుల నుండి వేరుగా గుర్తించడానికి ఆయన కౌంటీ పేరు చేర్చి 'కరోలైన్ జాన్ టేలర్' అని వ్యవహరించడం పరిపాటి అయింది.

2. శాసనకర్తగా టేలర్:
వర్జీనియా ప్రతినిధుల సభలో టేలర్ పలుమార్లు సభ్యుడు. సెనేట్‌లో 1792-94లోను, 1803లోను, 1822 నుండి 1824లో మరణించేవరకును కూర్చున్నాడు. ఏ పదవిలోనూ దీర్ఘకాలం నిలవలేదు. ప్రతిసారీ హేజల్‌వుడ్‌కే తిరిగి వచ్చాడు.

ప్రభుత్వాన్ని విమర్శించేవారిని శిక్షించే రాజద్రోహ చట్టాన్ని 1798లో కాంగ్రెస్ ఆమోదించింది. దానిని, విదేశీయుల చట్టాన్ని ఖండిస్తూ జేమ్స్ మాడిసన్ అజ్ఞాతంగా రచించిన వర్జీనియా తీర్మానాలను అదే ఏడాది డిసెంబరులో రాష్ట్ర శాసనసభలో ప్రవేశపెట్టినవాడు టేలరే. తరువాత 'కన్‌స్ట్రక్షన్ కన్‌స్ట్రూడ్' (1820) గ్రంథంలో, జాతీయ బ్యాంకును సమర్థించిన 1819 నాటి సుప్రీంకోర్టు తీర్పును విమర్శించాడు. 'టైరనీ అన్‌మాస్క్‌డ్' (1822)లో రక్షణ సుంకాలను ఎదిరించాడు. బ్యాంకులు, సుంకాలు, ప్రభుత్వ రుణపత్రాలు సేద్యపు రాబడిని చట్టం ద్వారా కొద్దిమంది చేతులకు మళ్లిస్తాయన్నది ఆయన వాదసారం.

3. 'అరేటర్' - భూసార చింతన:
మొదట పత్రికా వ్యాసాలుగా వెలువడిన 'అరేటర్' 1813లో గ్రంథరూపం దాల్చింది. లాటిన్‌లో ఆ మాటకు 'దున్నేవాడు' అని అర్థం. పొగాకు సాగుతో వర్జీనియా నేలలు అప్పటికే నిస్సారమయ్యాయి. పాత భూములను వదిలి పడమటికి వలసపోవడం సామాన్యమైంది. ఒక ఏడు మొక్కజొన్న, మరో ఏడు గోధుమ, మూడో ఏడు పశువుల మేతకు వదలడం అనే మూడేళ్ల పద్ధతిలో నేలకు విశ్రాంతి దక్కదని టేలర్ వాదించాడు. పంట తీసిన ఏళ్లలో కోల్పోయిన సారాన్ని, మూడో ఏట మొలిచిన పచ్చికతో తిరిగి పొందే అవకాశాన్ని పశువులు మేసి, తొక్కి పోగొడతాయని వివరించాడు.

అందుకు ఆయన సూచించిన ప్రధాన మార్గం పొలాలకు ఆవరణ కల్పించి, పశువులను దూరంగా ఉంచడం. పచ్చిక, ఆకులు, దంట్లు నేలలోనే కలవాలి, పశువుల ఎరువును శ్రద్ధగా సేకరించి వాడాలి, లోతుగా దున్నాలి. ధాన్యంతో పాటు విస్తారంగా దంటు, ఆకు ఇస్తుంది కనుక మొక్కజొన్నకు ప్రాధాన్యమిచ్చాడు. పంటలో వాటాను వేతనంగా పొందే మేస్త్రీల పద్ధతిని తీవ్రంగా ఖండించాడు. ఈ ఏటి దిగుబడి మీదే ప్రతిఫలం ఆధారపడిన మనిషికి రాబోయే ఏళ్ల భూసారంతో పనిలేదన్నది ఇందులోని తర్కం.

4. సిద్ధాంతపు పరిమితులు:
'అరేటర్' చదివి ప్రభావితుడైన యువ సేద్యకర్త ఎడ్మండ్ రఫిన్, జేమ్స్ నదీతీరంలోని తన క్షేత్రంలో టేలర్ పద్ధతులను ఆచరించి విఫలుడయ్యాడు. నేలలోని ఆమ్లగుణమే అందుకు కారణమని భావించి, సున్నపు పాలు గల శిలాజ మట్టిని చల్లి 1818 నుండి ప్రయోగాలు చేశాడు. ఆ ఫలితాలతో 1832లో ఆయన ప్రచురించిన గ్రంథం అమెరికా మృత్తికా రసాయన చింతనకు తొలి మెట్లలో ఒకటి. టేలర్ నేలకు సేంద్రియ పదార్థాన్ని తిరిగి ఇవ్వాలని చెప్పాడు. ఆమ్లగుణం సరిదిద్దకపోతే అది ఫలించని నేలలు ఉంటాయని రఫిన్ చూపాడు.

రెండో పరిమితి నైతికమైనది. బానిసత్వం వ్యవసాయానికి దురదృష్టమని 'అరేటర్'లోనే టేలర్ అంగీకరించాడు. అయినా దాన్ని తొలగించడం అసాధ్యమని, కొంత ఉపశమనమే సాధ్యమని తీర్మానించాడు. బానిసత్వం యజమాని శీలాన్ని చెడగొడుతుందన్న థామస్ జెఫర్సన్ అభిప్రాయాన్ని ఖండించాడు. స్వేచ్ఛ పొందిన నల్లజాతివారిని ప్రమాదకారులుగా చిత్రించి, వారిని దూరంగా తరలించాలన్నాడు. మిస్సోరీలో బానిసత్వాన్ని నియంత్రించే అధికారం కాంగ్రెస్‌కు లేదని 1820లో వాదించాడు. రాజద్రోహ చట్టం నుండి పౌరుని కాపాడేందుకు ఉపయోగపడిన తర్కమే ఇక్కడ యజమానిని కాపాడింది.

5. ముగింపు:
ఒకరి కష్టఫలాన్ని మరొకరు చట్టం అండతో అనుభవించడమే దోపిడి అన్నది టేలర్ రాజకీయ చింతనకు మూలసూత్రం. బ్యాంకులకు, సుంకాలకు ఆయన ఆ కొలతను వర్తింపజేశాడు. హేజల్‌వుడ్ పొలాలకు వర్తింపజేయలేదు. తనను తాను 'దున్నేవాడు'గా పిలుచుకున్న ఆ గ్రంథకర్త భూములలో నాగలి పట్టినవారు ఆయన బానిసలు. తొలితరం అమెరికా నాయకులను 'రైతు' అనే మాటతో పరిచయం చేసేటప్పుడు భూమి ఎవరిది అన్న ప్రశ్నతో పాటు, దానిని ఎవరు దున్నారు అన్న ప్రశ్ననూ పరిశోధకులు అడగవలసి ఉంది. నేల నుండి తీసుకున్నది నేలకు తిరిగి ఇవ్వాలన్న టేలర్ బోధ విలువైనదే. మనుషుల నుండి తీసుకున్న దానిని గురించి ఆయన అదే న్యాయం పాటించలేదన్న సత్యాన్ని కూడా దాని పక్కనే ఉంచి చదివినప్పుడే 'అరేటర్' పూర్తిగా అర్థమవుతుంది.