లారీ - భారవాహణము

విశాఖపట్టణమందలి ఫిషింగ్ హార్బరునుగూర్చి యొక విద్యార్థి వ్రాసిన వ్యాసమును దిద్దుచు, “చేఁపలను లారీల కెక్కించిరి” అనుచోట లారీశబ్దమును గొట్టివేసి, “భారవాహనముల” కని నేను మార్చితిని. పిమ్మట విచారింపఁగా బాలుని మాట నిర్దుష్టమనియు, దోషము నా దిద్దుబాటునందే కలదనియుఁ దేలినది. బడిపండితులకు నిత్యము తటస్థించు విషయ మగుటచే దీనిని విద్వాంసుల యెదుట నుంచుచున్నాను.

వాహనమునం దెక్కింపఁబడిన వస్తువునకు వ్యాకరణమున “ఆహిత” మని పేరు. ఆహితవాచకము పూర్వపదమై, యందు రేఫముగాని షకారముగాని యున్నచో, వాహనశబ్దపు నకారము ణకార మగునని పాణిని యష్టాధ్యాయి యెనిమిదవ యధ్యాయపు నాలుగవ పాదమున విధించెను. చెఱకు మోయునది ఇక్షువాహణము. ఱెల్లు మోయునది శరవాహణము. ఇంద్రుని వాహనము మాత్ర మింద్రవాహనమే. ఇంద్రుఁ డందు యజమానుఁడు గాని సరకు గాఁడు. భారమును మోయునది యను నర్థమున భారము ఆహితము. అందు రేఫము కలదు. నడుమ నున్న వర్ణములు ణత్వమునకు నడ్డు గావు. కాఁబట్టి “భారవాహణ” మనవలయును. మత్స్యవాహన మనుచో నిమిత్తము లేదు గనుక నకారము నిలుచును.

మఱియొక యర్థము కలదు. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, బండియు సరకును గలిపి యనుమతింపఁబడిన మొత్తము తూకము 12,000 కిలోగ్రాములకు మించు సరకుబండిని భారీ తరగతిలోఁ జేర్చినది. ఇచ్చట గురుత్వము బండికి విశేషణము. అది బండిలోని సరకు గాదు. ఆ యర్థమున “గురువాహన” మనవచ్చును. పై సూత్రమునకు నిచ్చటఁ బ్రసక్తి లేదు. పత్రికలు వ్రాయు “భారీ వాహన” మందలి విశేషణము హిందీనుండి వచ్చినది. అర్థమునుబట్టి యదియు నీ రెండవ తెగదే. కావున దిద్దఁబూనినవాఁడు ముందుగా బరువు సరకుదా, బండిదా యని నిర్ణయించుకొనవలయును. నేను నిర్ణయించుకొనలేదు.

ఇఁక లారీశబ్దము. ఆంగ్లదేశమునఁ బందొమ్మిదవ శతాబ్దిలోఁ బ్రక్కగోడలు లేని బల్లబండికి నీ పేరు చెల్లెను. మోటారుబండికిఁ దరువాత సంక్రమించెను. అమెరికావారి ట్రక్కుశబ్దము చక్రవాచకమగు గ్రీకుపదమునుండి వచ్చె ననుట భాషావేత్తలలోఁ బలువుర యభిప్రాయము. సంస్కృతమునుండి వచ్చిన గౌరీ, నదీ శబ్దములు తెలుఁగున గౌరి, నది యని హ్రస్వాంతము లగును. లారీశబ్దము తన యీకారమును నిలుపుకొన్నది. అన్యదేశ్యమునకుఁ దత్సమవిధి వర్తింపదు. లారీకి, లారీలో, లారీలు అని విభక్తివచనములు మాత్రము తెలుఁగువే.

ఒక శబ్దము భాషలో వేరూనిన దనుటకు మఱియొక గుఱుతు కలదు. పది భారముల తూకమును “ఆచిత” మనియు, నదియే బండెడు బరువనియు నమరసింహుఁడు చెప్పెను. ఇట్లు బండి తూకమునకుఁ గొలత యయ్యెను. తెలుఁగున బండెడు కట్టెలు, గంపెడు చేఁపలు అనుచున్నాము. అట్లే హార్బరున “రెండు లారీల మంచుగడ్డ” యన్నచో నది మంచు పరిమాణమును దెలుపును. “రెండు భారవాహణముల మంచుగడ్డ” యని యెవ్వఁడు ననఁడు. మోయు సాధనముపేరు మోయఁబడు సరకునకుఁ గొలత కాఁగలిగినప్పు డా శబ్దమును బరదేశి యనుట తగదు.

కావున వచనమున లారీ యనుటయే యుక్తము. సంస్కృతసమాసమే కావలసినచోట భారవాహణ మనవలయును. తెలుఁగున నకారమే వాడుకలో నున్నది గనుక విద్యార్థి యట్లు వ్రాసినను దండింపరాదు. బోధించువాఁడు మాత్రము భేదము నెఱుఁగవలయును. ఆ బాలుని పుస్తకమును మరలఁ దెప్పించి, నా యెఱ్ఱగీఁతను గొట్టివేసి, యతని లారీని యథాస్థానమున నిలిపితిని.