పెట్రోలును నెట్టే గాలి

రేపల్లె వైపు నుంచి బాపట్లకు చదువుకోవడానికి వచ్చే ఓ కుర్రాడు ఫిజిక్స్ క్లాసులో లేచి అడిగాడు: "సార్, బైకు పక్కకి పడిపోతే కార్బురేటర్‌లోంచి పెట్రోలు కారిపోతుంది, ఇంజను ఆగిపోతుంది. మా నాన్న కాలువ గట్టు మీద గడ్డి మిషన్‌ని అడ్డంగా వంచుతాడు, తుమ్మకొమ్మ కోసం పైకెత్తుతాడు. అది ఆగదేం? అందులో ఉన్నదీ కార్బురేటరే కదా?"

ఆ రోజు పాఠం బెర్నూలీ సూత్రం. దాని మీద ఇంతకన్నా మంచి ప్రశ్న నాకింతవరకు ఎవరూ వెయ్యలేదు.

బైకు కార్బురేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఫ్లోట్ తేలుతూ, పెట్రోలు నిండగానే నీడిల్‌ని పైకి నెట్టి దారి మూసేస్తుంది. ఇంజను పీల్చే గాలి మధ్యలో ఇరుకైన గొంతు గుండా పోవాలి. ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి పడిపోతుంది. గిన్నెలోని పెట్రోలు మీద బయటి గాలి బరువు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, ఆ బరువే పెట్రోలును జెట్ గుండా గొంతులోకి ఎగదోస్తుంది. ఇంజను పెట్రోలును లాక్కుంటుందని అంటాం గాని, నిజానికి నెట్టేది గాలి. ఇదంతా సాగాలంటే గిన్నెలో మట్టం నిలకడగా ఉండాలి. బైకు పడిందా, మట్టం పోయినట్టే.

ఈ లోపం ఒకప్పుడు ప్రాణాల మీదికి తెచ్చింది. 1940లో ఇంగ్లండు ఆకాశంలో స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలు జర్మన్ మెస్సర్‌ష్మిట్‌లతో తలపడుతున్న రోజులు. బ్రిటిష్ విమానాల మెర్లిన్ ఇంజనుకు ఫ్లోట్ కార్బురేటర్. జర్మన్ ఇంజనుకు నేరుగా సిలిండర్లలోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్. జర్మన్ పైలట్ ముక్కు కిందికి వంచి ఒక్కసారిగా దూకితే, వెంటాడే స్పిట్‌ఫైర్‌లో పెట్రోలు గిన్నె పైకప్పుకు ఎగిసేది. ఇంజనుకు ముందు పెట్రోలు అందేది కాదు, మరుక్షణమే ముంచెత్తేది. ఆ కాస్త వ్యవధిలో శత్రువు తప్పించుకునేవాడు. దీనికి విరుగుడు కనిపెట్టినది బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద నార్టన్ బైకును గంటకు వంద మైళ్లకు పైగా పరిగెత్తించిన మనిషి ఆమె. పెట్రోలు దారిలో, లెక్కకట్టి తొలిచిన చిన్న రంధ్రమున్న లోహపు ముక్కను పెట్టించింది. ఎంత ముంచెత్తినా ఇంజను తాగగలిగినంతకు మించి రానివ్వదది. 1941లో ఆ ముక్కలు విమానాలకు అమర్చారు. నాకు ఆమె అంటే గౌరవం. అయినా అది సర్దుబాటే. గిన్నె అలాగే ఉంది, మట్టం అలాగే ఉంది.

గడ్డి మిషన్ కార్బురేటర్ ఆ గిన్నెనే తీసేసింది.

చేతిలో అగ్గిపెట్టెలా ఇమిడిపోయే ఆ దిమ్మెలో రెండు పల్చని పొరలుంటాయి. మొదటిది పంపు. టూస్ట్రోక్ ఇంజనులో పిస్టన్ పైకి పోతే కింద క్రాంక్‌కేసులో శూన్యం, కిందికొస్తే ఒత్తిడి. సన్నటి రంధ్రం గుండా ఆ ఊపు వచ్చి పొరను అటూ ఇటూ ఆడిస్తుంది. నిమిషానికి 7000 చుట్లు తిరిగే ఇంజనులో అంటే సెకనుకు నూటికి పైగా ఊపులు. ఆ పొరకే కోసిన రెండు చిన్న నాలుకలు పెట్రోలును ఒకవైపే పోనిస్తాయి. అందుకే ట్యాంకు కిందున్నా పెట్రోలు పైకి వస్తుంది.

రెండో పొర దగ్గర నేను గంటలు గడపగలను. దీనికి ఒక పక్క పెట్రోలు గది, రెండో పక్క బయటి గాలి. గొంతులో ఒత్తిడి తగ్గి గదిలోంచి పెట్రోలు జెట్‌లోకి పోగానే గదిలో ఒత్తిడి కూడా తగ్గుతుంది. వెంటనే బయటి గాలి పొరను లోపలికి నెడుతుంది. పొర మధ్యలోని బొడిపె ఒక బుల్లి లివర్‌ను నొక్కుతుంది, లివర్ అవతలి కొన నీడిల్‌ని లేపుతుంది, పంపు తెచ్చిన పెట్రోలు లోపలికొస్తుంది. గది నిండితే పొర వెనక్కి పోతుంది, స్ప్రింగు నీడిల్‌ని మూసేస్తుంది. ఈ వరుసలో ఎక్కడా బరువుకు పని లేదు, మట్టం అన్న మాట లేదు. పొరకు రెండు పక్కలా ఒత్తిడిలో తేడా ఉంటే చాలు. మిషన్‌ని తలకిందులు చేసినా ఆ తేడా మారదు. కుర్రాడి ప్రశ్నకు జవాబు అదే.

ఈ సంగతి తెలిస్తే రిపేరు దారి కూడా మారుతుంది. మిషన్ మొరాయించగానే చాలామంది స్క్రూడ్రైవర్ పట్టుకుని స్క్రూలు తిప్పుతారు. నిన్నటిదాకా బాగా నడిచిన మిషన్‌లో స్క్రూలు వాటంతటవి తిరగవు. మారింది పొర, లేదా రంధ్రం. చోక్ వేస్తే అందుకుని, చోక్ తీయగానే ఆగిపోతోందంటే పెట్రోలు చాలడం లేదు: ట్యాంకులోని ఫిల్టరు, కార్బురేటర్ లోపలి జాలీ, బిరుసెక్కిన పొర. ఐడిలింగ్‌లో ఉండి, రేజ్ ఇవ్వగానే పడిపోతున్నా ముందు అనుమానించాల్సింది అదే పొరని. ప్లగ్గు తడిసి పెట్రోలు వాసన కొడుతోందంటే నీడిల్ సరిగా మూసుకోవడం లేదు. కింద ఉండే రబ్బరు బుడగ నొక్కితే పెట్రోలు ఇంజనులోకి పోతుందనుకుంటారు. కాదు, అది కార్బురేటర్‌లోని గాలిని లాగి, పెట్రోలును మళ్లీ ట్యాంకులోకే పంపుతుంది. బుడగలో పెట్రోలు కనిపిస్తే గొట్టం బాగున్నట్టే.

రెండో పొర మూత మీద సూదిమొనంత రంధ్రం ఒకటుంటుంది, బయటి గాలి లోపలికి రావడానికి. గట్ల మీది మట్టి ఆయిల్‌తో కలిసి పేరుకుంటే అది మూసుకుపోతుంది. అప్పుడు పొరను నెట్టే గాలే ఉండదు. లోపలంతా కొత్త కిట్టు వేసినా ఇంజను పెట్రోలుకు మొహం వాచిపోతుంది. తుడవడానికి నిమిషం పట్టదు.

ఇవన్నీ చూశాకే స్క్రూలు. ఎయిర్ ఫిల్టరు కడిగి, ఇంజను వేడెక్కనివ్వాలి. ఐడిలింగ్‌కు ఎల్, ఫుల్ రేజ్‌కు హెచ్ అని రెండు స్క్రూలుంటాయి. వాటిని నెమ్మదిగా పూర్తిగా బిగించి, ఒకటి నుంచి ఒకటిన్నర చుట్లు వదిలితే చాలా మిషన్లు పలుకుతాయి. మాన్యువల్లో అంకె ఉంటే అదే ప్రమాణం. కుడికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమకి పెరుగుతుంది. ఎల్‌తో ఐడిలింగ్ గరిష్ఠంగా వచ్చే చోటు పట్టి, రేజ్ తడబడకుండా అందుకునేదాకా కాస్త ఎడమకి. తర్వాత ఐడిల్ స్క్రూ. రేజ్ వదిలేస్తే బ్లేడు కచ్చితంగా నిలబడాలి, కాలికి దెబ్బ తగిలేది ఇక్కడే.

హెచ్ దగ్గర చెవి పెట్టాలి. ఫుల్ రేజ్‌లో కుడికి తిప్పేకొద్దీ ఇంజను ఈలలా మోగుతుంది, వినడానికి బాగుంటుంది. అక్కడ ఆపకూడదు. టూస్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గితే పిస్టన్‌కు ఆయిలూ తగ్గుతుంది, వేడీ పెరుగుతుంది, చివరికి ఇంజను పట్టేస్తుంది. అందుకే ఎడమకి వచ్చి, ఖాళీగా తిరిగేటప్పుడు శబ్దం కాస్త గరగరమనే చోట వదలాలి. పెట్రోలు ఎక్కువై ఇంజను కొన్ని చుట్లలో మండకుండా దాటేయడం వల్ల వచ్చే గరగర అది. బ్లేడు తుంగలోకో జమ్ములోకో దిగి బరువు పడగానే శుభ్రమైపోతుంది.

మన డెల్టాలో పొరలు త్వరగా పాడవడానికి పని తీరు కూడా కారణం. నాట్ల ముందు గట్లు శుభ్రం చేసి, మిషన్‌ని పాకలో తగిలిస్తే మళ్లీ తీసేది మాసూళ్లయ్యాకే. అంతకాలం పెట్రోలు లోపలే ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో పోసే దాంట్లో 20 శాతం ఇథనాల్. ఇథనాల్ తేమను పీలుస్తుంది, సముద్రపు గాలిలో తేమకు కొదవ లేదు. పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, పొర బిరుసెక్కుతుంది. ఇంకొకటి: కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. అంటే పాత సెట్టింగులో 20 శాతం ఇథనాల్ పోస్తే మిశ్రమం కాస్త పల్చబడుతుంది. స్క్రూలు కొంచెం ఎడమకి తిప్పక తప్పదు. సీజను అవగానే ట్యాంకు వంపేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపితే లోపల దాదాపు ఏమీ మిగలదు.

ఈ కార్బురేటర్ ముందు చెట్లు కోసే చెయిన్‌సాల్లో స్థిరపడింది. అమెరికాలో టిలట్సన్, వాల్‌బ్రో కంపెనీలు దానికి పేరు తెచ్చాయి. ఇక గడ్డి మిషన్ సంగతి: 1971లో హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్, కార్‌వాష్‌లో తిరిగే బ్రష్‌లను చూసి, రేకు డబ్బాకు చేపల గాలపు దారం కట్టి గడ్డి కోసే యంత్రం చేశాడు. ఇప్పుడు పెట్రోలు మోతాదును కంప్యూటరే సర్దుకునే మిషన్లూ, బ్యాటరీవీ వచ్చాయి.

తెనాలిలోనో మరెక్కడో కిట్టు కొని మీరే మార్చుకుంటే ఒక్క జాగ్రత్త. చాలా కార్బురేటర్లలో గాలి రంధ్రం మూత ఉన్న వైపు ముందు గాస్కెట్, దాని మీద పొర. పంపు వైపు ముందు పొర, దాని మీద గాస్కెట్. విప్పేటప్పుడే ఫోన్‌తో ఫోటో తీసుకోండి.