ఐక్యతకు అడ్డు స్త్రీలేనా? గురుత్వాభిషేకంపై అపోహలు – వాస్తవాలు

2025 అక్టోబరు 3న సారా ములాలీ అనే మహిళ కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా ఎంపికయ్యారన్న ప్రకటన వెలువడిన నాటి నుంచి, స్త్రీలకు గురుత్వం ఇవ్వడం వల్లనే క్రైస్తవ సంఘాల ఐక్యత చెడిందన్న పాత మాట మళ్లీ ఊపందుకున్నది. గురుత్వాభిషేకమంటే సంస్కారాలు జరిపించే అధికారాన్ని, తలపై చేతులుంచి ప్రార్థించి, ఒకరికి అప్పగించడం. ఈ మాట ప్రసంగాల్లోనే మిగిలిపోతే పట్టించుకోనక్కరలేదు గానీ, అది కమిటీ గదుల్లోకి వెళ్లి, బి.డి. అనే వేదాంత పట్టా ముగించి మగవారితో సమానంగా పరీక్షలు నెగ్గిన స్త్రీని ఆదివారపు బడికో స్త్రీల సమాజానికో పరిమితం చేయడానికి సాకుగా పనికివస్తున్నది. లేఖనం ఒప్పుకోదన్న వారితో కనీసం లేఖనం తెరిచి వాదించవచ్చు. తమకు అభ్యంతరమేమీ లేదని, పక్క సంఘాలవారు ఏమనుకుంటారోనన్నదే బాధ అని అనేవారితో వాదించడానికి ఆ స్త్రీకి ఆధారమే దొరకదు.

కాలక్రమం చూసినా ఈ మాట నిలవదు. రోము, కాన్‌స్టాంటినోపుల్ పీఠాలు 1054లో ఒకదానినొకటి వెలివేసుకున్నప్పుడు గానీ, పదహారో శతాబ్దంలో పశ్చిమ సంఘం ముక్కలైనప్పుడు గానీ అభిషేకం కోరుతూ ఏ స్త్రీ గుమ్మంలో నిలబడి లేదు. ఆ చీలికలన్నీ మగవారి చేతిపనే. పోప్ పదమూడవ లియో 1896లో ‘అపొస్తోలికే కూరే’ అనే పత్రం ద్వారా ఆంగ్లికన్ అభిషేకాలు బొత్తిగా చెల్లవని తేల్చారు, అప్పటికి ఆంగ్లికన్ సంఘంలో గురువులు, బిషప్పులు అందరూ పురుషులే. ఆ తరువాత దాదాపు వందేళ్లకు, 1994లో, ఇంగ్లండు సంఘంలో తొలిసారి స్త్రీలకు గురుత్వం దక్కింది. వారి వల్లనే రోము గుర్తింపు పోయిందనడం, ఎన్నడూ లేని పొలాన్ని కబ్జా చేశారని దావా వేయడం వంటిది.

లూథరన్ల అనుభవం ఇంకా స్పష్టంగా ఉన్నది. స్వీడన్ సంఘం 1958లో స్త్రీల గురుత్వానికి ఆమోదం తెలిపి 1960లో తొలి అభిషేకాలు జరిపింది. అది జరిగిన నాలుగు దశాబ్దాలకు, 1999 అక్టోబరు 31న, కథోలిక సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో, నీతిమంతుడిగా తీర్చబడటం గురించిన సిద్ధాంతంపై, అంటే సంస్కరణ కాలపు అసలు తగవుపైనే, ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. 2016 అక్టోబరు 31న స్వీడన్‌లోని లుండ్ కేథడ్రల్‌లో పోప్ ఫ్రాన్సిస్ లూథరన్ నాయకులతో కలిసి ప్రార్థన జరిపినప్పుడు స్వీడన్ ఆర్చిబిషప్పు ఆంట్యే యాకెలేన్ అనే స్త్రీ. ఆ ఆరాధనలో వారిద్దరూ ఆలింగనం చేసుకున్న ఫోటోలు లోకమంతా చూసింది. మర్నాడు తిరుగు విమానంలో స్త్రీల గురుత్వం గురించి అడిగిన విలేఖరికి, ఆ విషయంలో చివరి మాట పోప్ రెండవ జాన్ పాల్ ఎప్పుడో చెప్పారని అదే పోప్ జవాబిచ్చారు. ఆలింగనమూ నిజమే, నిరాకరణా నిజమే. రెండూ ఒక రోజు తేడాలో జరిగాయి.

ఆంగ్లికన్ల ఇంటి గొడవను కూడా ఈ ఖాతాలోనే రాస్తుంటారు. 2008లో యెరూషలేములో మొదలైన గాఫ్‌కాన్ అనే ఆంగ్లికన్ కూటమి ములాలీ ఎంపికను వ్యతిరేకించిన మాట వాస్తవమే, బిషప్పు పదవి పురుషులకే చెందాలని అధికసంఖ్యాకులు నమ్ముతారని ఆ ప్రకటనలో అన్న మాటా వాస్తవమే. అయితే అందులో ఎక్కువ ఘాటు పడ్డది వివాహంపై ఆమె వైఖరి మీద. ఆ కూటమి పుట్టుకకు మూలం కూడా స్వలింగ సంపర్కం గురించిన వివాదమే గాని స్త్రీల గురుత్వం కాదు. ఆ కూటమి అధ్యక్షుడి సొంత సంఘమైన రువాండాలోనూ, ఉగాండాలోనూ, కెన్యాలోనూ స్త్రీలు గురువులుగా ఉన్నారు. కెన్యాలోని బుటెరె ప్రాంతానికి 2021లో రోజ్ ఒకెనో బిషప్పయ్యారు. స్త్రీల గురుత్వమే విడదీసే కత్తి అయితే అది ముందుగా గాఫ్‌కాన్‌నే కోసి ఉండాలి. పైగా ములాలీ ఎంపిక జరిగిన ఇరవై రోజులకే, అక్టోబరు 23న, ఇంగ్లండు సంఘానికి లౌకికాధిపతి అయిన మూడవ చార్లెస్ రాజు, పోప్ పద్నాలుగవ లియో సిస్టీన్ ప్రార్థనాలయంలో కలిసి ప్రార్థించారు.

తెలుగు పాఠకులకు అంతదూరం వెళ్లే పని కూడా లేదు, నంద్యాల చాలు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కేథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే కలిసిన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు ఏకమై దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడినప్పుడు, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో పెద్ద భాగం అందులో చేరక బయటే నిలబడి, 1970లలో గానీ లోపలికి రాలేదు. బిషప్పు చేతులు తలపై పడని మెథడిస్టు, కాంగ్రిగేషనల్ పాదిరీలను మళ్లీ అభిషేకించకుండానే గురువులుగా అంగీకరించడం అప్పట్లో ఆంగ్లికన్ లోకమంతా నలిగిన చిక్కు. లోకంలోని ఆంగ్లికన్ బిషప్పులు కూడే లాంబెత్ సభ సైతం 1948లో ఈ కొత్త సంఘాన్ని పూర్తిగా తమలో కలుపుకోవడానికి వెనకాడింది. ఆ తగవులో ఇరువైపులా ఉన్నది పురుషులే. అదే నంద్యాల అధ్యక్షఖండానికి, అంటే ఒక బిషప్పు ఏలుబడిలోని ప్రాంతానికి, 2013లో ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా వచ్చి సి.ఎస్.ఐ. తొలి మహిళా బిషప్పు అయ్యారు. స్త్రీలకు గురుత్వం ఇవ్వని మార్ తోమా సంఘం దీనికి అలిగి సి.ఎస్.ఐ.తో పూర్ణ సహవాసాన్ని, అంటే ఒకరి గురువులను, బల్లను ఒకరు అంగీకరించే బంధాన్ని, తెంచుకోలేదు.

ఈ అపోహలో ఒక్క ముక్క నిజమున్నదని, ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి. పోప్ ఆరవ పౌలు 1975లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు కాగన్‌కు రాసిన ఉత్తరంలో స్త్రీలకు గురుత్వం ఇవ్వడం రెండు సంఘాల సంభాషణకు గట్టి చిక్కు తెస్తుందని హెచ్చరించారు, 1994లో రెండవ జాన్ పాల్ స్త్రీల గురుత్వానికి తలుపు మూసేశారు. పోలిష్ నేషనల్ కాథలిక్ సంఘం 2003లో పాత కథోలిక సంఘాల ఊట్రెక్ట్ కూటమి నుంచి బయటపడటానికి కారణం అక్షరాలా ఇదే. బిషప్పు స్త్రీ అయితే చిక్కు రెట్టింపవుతుంది: ఆమె అభిషేకాన్ని గుర్తించని సంఘం, ఆమె చేతులుంచిన పురుషుల అభిషేకాన్నీ గుర్తించలేదు. కాబట్టి రోముతోనూ ఆర్థడాక్స్ సంఘాలతోనూ ఒకే బల్ల చుట్టూ చేరే రోజు దీనివల్ల దూరమైందనడం సబబే. దూరమవడం వేరు, విరిగిపోవడం వేరు. వదంతి బతుకుతున్నది ఈ రెండింటినీ ఒకటి చేసి చెప్పడం మీదనే.

మిగిలిన అపోహలకు ఇంత శ్రమ అక్కరలేదు. యేసు ఏర్పరచుకున్న పన్నెండుమందీ పురుషులే అన్నవారు, ఆ పన్నెండుమందీ యూదులేనని గుర్తుంచుకోవాలి. ఇది 1970ల ఫ్యాషన్ అన్నవారికి, అమెరికాలో ఒక కాంగ్రిగేషనల్ సంఘం ఆంట్వనెట్ బ్రౌన్‌కు 1853లోనే అభిషేకమిచ్చిన సంగతి తెలియదు. స్త్రీ ఇచ్చిన బాప్తిస్మం చెల్లదన్నది మరీ విడ్డూరం, అవసరం పడితే ఎవరైనా బాప్తిస్మం ఇవ్వవచ్చని కథోలిక ధర్మశాస్త్రమే చెబుతున్నది. తెలుగులో ‘పాస్టరమ్మ’ అంటే నేటికీ పాస్టరుగారి భార్యే. ఆ మాటకు కొత్త అర్థం రావడానికి ఏ సంఘపు అనుమతీ అక్కరలేదు.

ఐక్యత పేరు చెప్పి ఆపడానికి మూల్యం ఎవరు చెల్లిస్తారో ఫ్లోరెన్స్ లీ టిమ్-ఓయి జీవితంలో కనిపిస్తుంది. జపాను ఆక్రమణ వల్ల ఏ ఆంగ్లికన్ గురువూ మకావుకు చేరలేని రోజుల్లో, అక్కడి విశ్వాసులకు ప్రభు భోజనం అందించడానికి హాంకాంగ్ బిషప్పు హాల్ 1944 జనవరి 25న ఆమెకు గురుత్వమిచ్చారు. యుద్ధం ముగిసి పెద్దలకు తీరిక దొరకగానే అభ్యంతరాలు లేచాయి, 1946లో ఆమె అభిషేకాన్ని వదులుకోకుండానే గురువుగా పనిచేసే అధికారాన్ని వదులుకున్నారు. హాంకాంగ్ అధ్యక్షఖండం ఆమె గురుత్వాన్ని తిరిగి గుర్తించేసరికి 1971 వచ్చింది. అందువల్ల, ఐక్యత దృష్ట్యా కొంతకాలం ఆగమని ఏ అభ్యర్థినికైనా చెప్పే కమిటీ, ఏ సంఘంతో ఐక్యత, ఆ సంఘంతో ఇప్పుడున్న బంధం పూర్ణ సహవాసమా లేక కలిసి ప్రార్థించడం మాత్రమేనా, అభ్యంతరం చెబుతూ వారు ఏ తేదీన ఉత్తరం రాశారు అన్న మూడు వివరాలను మినిట్స్‌లో రాయించి, ఒక ప్రతిని ఆమె చేతికివ్వాలి. ఆ గడులు ఖాళీగా ఉంటే ఆమె దరఖాస్తును తరువాతి సమావేశానికి వాయిదా వేయకుండా, పురుష అభ్యర్థుల దరఖాస్తులతో పాటే, అదే నియమావళి ప్రకారం, అదే రోజున తేల్చాలి.