క్రిమిని చంపి కణాన్ని కాచేదెలా?

తెల్లవారుజామున బిలాస్‌పూర్ స్టేషన్‌లో రైలు దిగినవారిని టీ వాసన కంటె ముందు పలకరించేది ఫినాయిల్ వాసన. కడిగిన ప్లాట్‌ఫారం, మురుగుకాలువ వెంట తెల్లగా చల్లిన బ్లీచింగ్ పౌడరు: బెంగాల్-నాగపూర్ రైల్వే నాటినుంచీ ఉద్యోగాలకై వచ్చి ఇక్కడి రైల్వే కాలనీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇవి చిరపరిచితాలు. నేలను శుభ్రపరచే ఈ రెండింటి వంశానికీ మనిషి గాయంతో పాత చుట్టరికం ఉన్నది.

నల్ల ఫినాయిల్ కార్బాలిక్ ఆమ్లపు సంతతి. 1865లో గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ అనే శస్త్రవైద్యుడు, బండిచక్రం కింద కాలు విరిగిన పదకొండేళ్ల బాలుడి గాయానికి ఆ ఆమ్లంలో తడిపిన గుడ్డతో కట్టు కట్టాడు. ఎముక చర్మాన్ని చీల్చుకు వచ్చిందంటే కాలు తీసివేయడమే ఆనాటి మార్గం. ఆ బాలుడికి కాలు దక్కింది. కాని ఆ మందు వైద్యుల చేతులనూ కాల్చేది. శస్త్రచికిత్స గదిలో దానిని తుంపరలుగా చల్లే పద్ధతిని 1890లో లిస్టరే వదులుకున్నాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో మరింత కలవరపరచే సత్యం బయటపడింది. లోతైన గాయాలలో క్రిమిసంహారకాలు మూలమూలలా దాగిన క్రిములను చేరలేక, వాటితో పోరాడే తెల్ల రక్తకణాలనే ముందు చంపుతున్నాయని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ చూపించాడు. రక్షకభటులను చంపి దొంగలను వదలినట్లే కదా!

అదే యుద్ధకాలంలో హెన్రీ డేకిన్ అనే రసాయనవేత్త బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్ శక్తినే మచ్చిక చేశాడు. సోడియం హైపోక్లోరైట్‌ను దాదాపు అరశాతానికి పలుచన చేసి, మాంసాన్ని తినివేసే క్షారాన్ని బోరిక్ ఆమ్లంతో అణచాడు. మందు అదే, మారినవి మోతాదు, ఆమ్లక్షారాల తూకం. అయొడిన్‌కు 1950లలో మరొక కళ్ళెం పడింది. పోవిడోన్ అనే పెద్ద అణువు దానిని పట్టుకొని కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. టింక్చరు మంటకు కళ్ళు మూసుకున్న తరం దాని విలువ ఎరుగును.

అయినా తూకం మరచిపోవడం ఎంత తేలిక! 2020 మార్చిలో బరేలీలో ఊళ్ళకు తిరిగివచ్చిన వలసకూలీల మీద హైపోక్లోరైట్ ద్రావణం చల్లారు. మనుషుల మీద ఇట్లా చల్లవద్దని ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ సూచన జారీచేసింది.

నేటి పరిశోధకుల చూపు హైపోక్లోరస్ ఆమ్లం మీద పడింది. క్షారం తగ్గి ద్రావణం తటస్థమైన కొద్దీ హైపోక్లోరైట్ ఈ రూపం దాలుస్తుంది. ఇది క్రిములపై ఎన్నో రెట్లు చురుకైనది. అందువల్ల స్వల్పమోతాదు సరిపోతుంది. విచిత్రమేమంటే, ఇది ప్రయోగశాలలో పుట్టిన కొత్త ఆయుధం కాదు. ఫ్లెమింగ్ చూసిన ఆ తెల్ల రక్తకణాలు, తాము మింగిన క్రిమిని చంపడానికి ఏనాటినుంచో తమలోనే తయారుచేసుకుంటున్నది దీనినే.