పెరటి కుంటలో ఏ చేపలున్నవి?

కొత్తకోట ప్రాంతము ఎఱ్ఱనేలలు, రాతిగుట్టలు గల మెట్టసీమ. మునుపు మహబూబునగరు జిల్లాలో ఉండి, 2016 నుండి వనపర్తి జిల్లాలో చేరినది. ఇచ్చట ఇంటి వెనుక దొడ్డి చివరనో, చేను మూలనో ఒక చిన్న కుంట ఉండుట క్రొత్త కాదు. ఎండకాలములో దాని అడుగు నెఱ్ఱెలు విచ్చును. ఆషాఢములో నీరు చేరును. భాద్రపదము నాటికి అందులో చేపలు తిరుగుచుండును. ఇవి ఎచ్చటనుండి వచ్చినవని అడిగినచో వానతో పడినవని ఒకరు, మట్టిలో పుట్టినవని ఒకరు చెప్పుదురు. ఏ చేపలని అడిగినచో, "పరకలు, ఒకటి రెండు కొర్రమట్టలు" అని సమాధానము వచ్చును.

ఈ సమాధానముతో తృప్తిపడిన యజమాని ఒకనాడు సంతనుండి చేపపిల్లలు తెచ్చి కుంటలో వదలును. ఆ "ఒకటి రెండు కొర్రమట్టలు" నిజమునకు ఇరువది ఉన్నచో, పిల్లలన్నియు వాని కడుపులోనికి పోవును. దోమలు పెరిగినవని మరియొకరు గంబూసియా చేపలను తెచ్చి వేయుదురు. దోమపిల్లలను తిను చిన్న చేపలు కుంటలో ముందే ఉన్నవో లేవో చూచినవారుండరు. కుంటలో క్రొత్త చేపను వేయుట ఒక్క నిమిషము పని. వేసినదానిని తీసివేయుట దాదాపు అసాధ్యము. కావున ఉన్నవేవో ముందు తెలిసికొనవలెను.

మొట్టమొదట అడుగవలసినది చేపలు పట్టువారిని. ముదిరాజులకు, బెస్తలకు తెలిసినంత పుస్తకములకు తెలియదనిన అతిశయోక్తి కాదు. చిక్కంతయు పేర్లతోనే వచ్చును. తెలంగాణములో కొర్రమట్ట అనునది కోస్తాలో కొర్రమీను. ఇచ్చట రవ్వ అను చేపను మరియొకచోట శీలవతి అందురు. పరక అను ఒక్క పేరు క్రింద నాలుగైదు జాతులు ఒదుగును. ఈ చిక్కును రెండువందల ఏండ్ల క్రిందటి వారును ఎదుర్కొనిరి. విశాఖపట్టణములో సేకరించిన రెండువందల చేపల బొమ్మలను, వర్ణనలను పాట్రిక్ రస్సెల్ 1803లో ప్రచురించుచు, స్థానికుల నోట విన్న పేర్లను కూడ చేర్చెను. బొచ్చెకు, రవ్వకు నేటికిని వాడుకలోనున్న శాస్త్రీయ జాతినామములు 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలపై వ్రాసిన గ్రంథములోనివి. పట్టికలో ఊరి పేరును, శాస్త్రీయనామమును ప్రక్కప్రక్కన వ్రాసినచో, పది మైళ్ల అవతలి పాఠశాలవారు వ్రాసిన పట్టికతో పోల్చి చూడవచ్చును.

వల వేయకముందే కొంత తెలియును. తెల్లవారుజామున గట్టున కదలక కూర్చుండి నీటి ఉపరితలమును గమనింపవలెను. పగలు నీటిమొక్కలు, నాచు ఎండ సాయమున ఆమ్లజనిని విడుచును. రాత్రి ఆ పని నిలిచిపోవును, శ్వాసక్రియ మాత్రము సాగును. అందుచే నీటిలో ఆమ్లజని సూర్యోదయమునకు కొంచెము ముందు అతి తక్కువగా ఉండును. ఆ వేళ బొచ్చె, రవ్వ వంటివి పైకి వచ్చి నోరు తెరచుచున్నచో అవి కష్టములో ఉన్నవని అర్థము. కాని మిట్టమధ్యాహ్నము కూడ ఒక చేప గుటుక్కున పైకి వచ్చి గాలి మ్రింగి మునిగిపోవుచున్నచో అది కష్టము కాదు, దాని అలవాటు. కొర్రమట్ట, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి చేపలకు మొప్పలేగాక గాలిని పీల్చుకొను ప్రత్యేకావయవములు కూడ ఉన్నవి. కొర్రమట్టను పైకి రానీయక నీటిలోనే ఆపినచో, నీటిలో ఉండియు ఊపిరాడక చచ్చును. వానకాలములో నీటిపైన నారింజవన్నె చిన్న పిల్లల గుంపు ఒకటిగా కదలుచు కనిపించినచో, దాని క్రింద కొర్రమట్ట జంట కాపలా కాయుచున్నదని గ్రహింపవచ్చును.

ఇక వలలు. విసురువల ఒకసారి వేసి, వచ్చిన చేపలను లెక్కించి, "ఇవే ఉన్నవి" అనుట పలువురు చేయు పని. వల నిజము చెప్పును గాని సగమే చెప్పును. పెద్ద కన్నుల వలలోనుండి పరకలు జారిపోవును. దోమతెర గుడ్డతో లాగినచో గట్టువెంట పిల్లచేపలు దొరకును గాని పెద్దవి ముందే తప్పించుకొనును. బురదలో పడుకొను మార్పులు, బొమ్మిడాయిలు విసురువల అంచు క్రిందనుండి దూరిపోవును. రాత్రి తిరుగు జెల్లలు పగటి వలకు చిక్కుట తక్కువ. వానికొరకు వెదురుబుట్టలో ఎర పెట్టి సాయంకాలము ఉంచి ఉదయము తీయవలెను. వానపామును గ్రుచ్చిన గాలము వేరొక జాతిని తెచ్చును. ప్రతిసారియు అంతకుముందు పడని జాతులు ఎన్ని క్రొత్తగా పడినవో వ్రాసికొనవలెను. మొదటిసారి ఐదు, రెండవసారి మూడు, పిమ్మట ఒకటి, తరువాత వరుసగా నాలుగుసార్లు సున్న వచ్చినచో పట్టిక పూర్తికి దగ్గరపడినదని అనుకొనవచ్చును. ఒక్కసారి వల ఖాళీగా వచ్చినంతమాత్రమున చేపలు లేవనుకొనుట తర్కము కాదు. (కుంట యజమాని అనుమతి, ఈత వచ్చిన చేపలవాని తోడు లేక విద్యార్థులను నీటిలోనికి దింపరాదు.)

చేతికి వచ్చిన చేపను తడిచేతులతో తెల్లని పళ్లెములో నీళ్లలో ఉంచి చూడవలెను. మొదటి ప్రశ్న: పొలుసులున్నవా, లేవా? లేక, నోటిచుట్టు పొడవైన మీసములున్నచో అది జెల్ల, వాలుగ, మార్పు, ఇంగిలాయి మొదలగువానిలో ఒకటి. వీపున ముందటి వాజమునకు, తోకకు నడుమ మెత్తని కండవాజము ఉన్నచో జెల్ల. వీపువాజము తలవెనుకనుండి తోకదాక పొడవుగా సాగినచో మార్పు. అది చిన్నదిగా ఉండి, క్రిందివాజము మాత్రము పొడవుగా ఉన్నచో ఇంగిలాయి కావచ్చును. దానిని చేతితో పట్టరాదు. రొమ్మువాజముల ముండ్లలో విషమున్నది, పొడిచినచో తీవ్రమైన బాధ కలుగును.

పొలుసులున్నవానిలో పెద్ద తల, పైకి తిరిగిన నోరు గలిగి మీసములు లేనిది బొచ్చె. ఇది పైనీటిలో మేయును. క్రిందికి తిరిగిన నోరు, అంచు కుచ్చువలె ఉండు పెదవులు రవ్వ గుర్తులు. రెండు జతల మీసములు, పొడవైన వీపువాజము బంగారుతీగవి. కొర్రమట్ట పిల్లను, మట్టగిడసను పోల్చుకొనుటలో పెద్దలు కూడ పొరబడుదురు. ఇచ్చట లెక్క సాయపడును. చేప ప్రక్కన మొప్పనుండి తోకవరకు సన్నని రంధ్రముల వరుస ఉండును. నీటి కదలికలను పసిగట్టు ఈ వరుసను పార్శ్వరేఖ అందురు. దానివెంట పొలుసులు కొర్రమట్టకు 50 నుండి 57 వరకు, మట్టగిడసకు 37 నుండి 40 వరకు ఉండును. భూతద్దము, గుండుసూది ఉన్నచో తొమ్మిదవ తరగతి విద్యార్థి ఈ తగవు తీర్చగలడు.

పట్టిక తయారైన పిమ్మట అది కుంట చరిత్రను చెప్పనారంభించును. బొచ్చె, రవ్వ నిలువనీటి కుంటలో గుడ్లు పెట్టవు. వానికి వరదనీటి పరుగు కావలెను. అందువలననే వానిని నీటిగుంటలలో పుట్టించుట చిరకాలము సాధ్యపడలేదు. 1957లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అను శాస్త్రజ్ఞులు ఒరిస్సాలో పిట్యూటరీ గ్రంథి సారమును సూదిమందుగా ఇచ్చి వానిచే గుడ్లు పెట్టించిరి. కాబట్టి కుంటలో బొచ్చె ఉన్నదనిన, ఎవరో వేసియుండవలెను, లేదా పైచెరువు అలుగు దుమికినప్పుడు కొట్టుకొని వచ్చియుండవలెను. 2016-17 నుండి తెలంగాణ ప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను వదలించినందున రెండవ మార్గమును తోసివేయలేము. కొత్తకోట చెంతనున్న సరళాసాగరము నీరు నిండగానే తనంతట తానే పొర్లు సైఫనులకు పేరుపొందినది. 1959లో పూర్తియైన ఆ ప్రాజెక్టు కట్ట 2019 డిసెంబరు 31న తెగినది. ఇట్టి ప్రవాహములలో చేప ఏ వాగున పడి ఏ మడుగు చేరునో చెప్పలేము.

మట్టగిడసలు, కొర్రమట్టలు వేరు మార్గమున వచ్చును. తొలకరిలో తడిగడ్డిపై ప్రాకుచు ఒక మడుగునుండి మరియొక మడుగునకు పోగలవు. తడి ఆరని బురదలో దాగి వేసవి గడపగలవు. "మట్టిలో పుట్టినవి" అన్న మాటకు మూలము ఇదే. కొంగల, బాతుల వెంట గుడ్లు వచ్చునను మాటను చాలమంది నవ్వి త్రోసివేసిరి. 2020లో ప్రకటించిన ఒక పరిశోధనలో, హంగరీలో బాతులచే తినిపించిన బంగారుతీగ మొదలగు చేపల గుడ్లలో సుమారు 0.2 శాతము రెట్టలో చెడక వెలువడినవి, కొన్ని పిల్లలు కూడ అయినవి. అరుదే గాని, అసాధ్యము కాదు.

పట్టికలో జిలేబి చేప, అనగా తిలాపియా, కనిపించినచో జాగ్రత్తపడవలెను. 1952లో మనదేశమునకు తెచ్చిన ఈ ఆఫ్రికా చేప గుడ్లను, పిల్లలను తల్లి నోటిలో దాచుకొని కాపాడును గనుక త్వరగా కుంటంతయు నిండి, ఇతర జాతుల తిండిని తినివేయును. 1928లో వచ్చిన గంబూసియా దోమపిల్లలతోపాటు ఇతర చేపల గుడ్లను, పిల్లలను కూడ తినును. తలపై తెల్లని చుక్క మెరయు మన అప్లోకైలస్ చేపలు అదే దోమపిల్లలను తినుచు దక్షిణదేశపు నిలువనీళ్లలో ఎప్పటినుండియో ఉన్నవి. అవి పట్టికలో ఉన్నచోట గంబూసియాను వేయుట తెలివితక్కువ పని.

ఈ కాలమున వల తడుపకుండ చూచు విధానము కూడ ఒకటి వచ్చినది. చేపల జిగురు, చర్మకణములు నీటిలో కలిసియుండును. నీటిని సన్నని జల్లెడగుండ వడగట్టి, అందు చిక్కిన డి.ఎన్.ఎ.ను చదివి జాతులను గుర్తింతురు. 2008లో ఫ్రాన్సులోని మడుగులలో ఒక విదేశీ కప్పను ఈ విధముగా కనుగొనిరి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చిలుకసరస్సు నీటిని ఇట్లే పరీక్షించిరి. అయితే సంతలో కొన్న చేపను ఆ కుంట నీటిలో కడిగినను దాని డి.ఎన్.ఎ. అందులో పడును. నీరు పేరు చెప్పును గాని, ఆ చేప బ్రతికియున్నదా, పదియున్నవా, వెయ్యియున్నవా చెప్పదు.

ఎన్ని ఉన్నవో తెలియుటకు 1896లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పీటర్సన్ చూపిన దారి నేటికిని ఉపయోగపడుచున్నది. నలుబది పరకల వాజపు కొనను చిన్న గుర్తుగా కత్తిరించి తిరిగి వదలవలెను. వారము తరువాత ఏబది పట్టగా ఐదింటికి గుర్తున్నచో, పదింట ఒకటి గుర్తుగలది. అనగా కుంటలో పరకలు సుమారు నాలుగువందలు. నడుమ వాన వచ్చి అలుగు పారినచో ఈ లెక్క చెడును.

పట్టికలో తేదీ తప్పక వ్రాయవలెను. కార్తీకములో దొరకని జాతులు కొన్ని వైశాఖములో, నీరు మోకాటిలోతుకు దిగినప్పుడు, అన్ని వలలును తప్పించుకొన్న పెద్ద వాలుగతో సహా ఒక్కసారిగా బయటపడును. అప్పటికే బురదలోనికి దిగిపోయిన మట్టగిడసలు మాత్రము ఆ లెక్కకును చిక్కవు.