వాగు చేపలు: గాలము, వల, బుట్ట



పొలము పనుల నడుమ తీరిక దొరికినపుడు వాగులో చేపలు పట్టుట మన పల్లెలలో పరిపాటి. జహీరాబాదు ప్రాంతపు నారింజ వాగు బీదరు వైపు పారి మంజీరలో కలియును. ఇట్టి చిన్న వాగులు వానలు వెనుకబట్టగనే సన్నగిల్లి, వేసవి నాటికి మడుగులుగా మిగులును. ఆ మడుగులలోని చేపలే మరుసటి ఏటికి విత్తనము. కావున ఏ సాధనమును ఎక్కడ, ఎప్పుడు వాడవలెనో తెలిసికొనుట అవసరము.

నీలగిరులలోను, కాశ్మీరములోను చల్లని వాగులందు ట్రౌట్ అను చేప పెరుగును. నీరు వేడెక్కిన కొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. కనుక ఆ చేప మన వాగులలో బ్రతుకజాలదు. మన కొర్రమట్ట అట్లు గాదు. అది నీటిపైకి వచ్చి గాలిని కూడ పీల్చును. అందుచేతనే కొద్దిపాటి బురదనీటిలో సైతము నిలువగలదు. దీనిని 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిరి.

గాలము: రాళ్లు, తుంగ, పొదలు గల చోట్ల ఇదియే మేలు. పరక, జెల్ల వంటి చిన్న చేపలకు చిన్న ముల్లు, సన్నని దారము, వానపాము ఎర చాలును. కొర్రమట్ట కదలు ఎరను వేటాడును. దానికి పెద్ద ముల్లు, గట్టి దారము, చిన్న చేపగాని కప్పగాని ఎరగా వాడవలెను. బెండు మునిగిన వెంటనే లాగక, చేప ఎరను మ్రింగువరకు కొంచెము ఆగుడు.

విసురు వల: అడుగున రాళ్లు, మొద్దులు లేని మడుగులో దీనిని వాడవచ్చును. అంచున గల సీసపు గుండ్లు వలను త్వరగా ముంచి చేపలను కమ్మివేయును. కన్నులు పెద్దవిగా నున్నచో పిల్లలు తప్పించుకొనును. దోమతెర గుడ్డతో పట్టినచో పిల్లలు కూడ మిగులవు.

వెదురు బుట్ట: నీరు పారు ఇరుకు దారిలో అమర్చిన బుట్టలోనికి చేప దూరును గాని, లోపలికి వంగిన పుల్లల వలన తిరిగి రాజాలదు. తొలకరి వరదకు చేపలు గ్రుడ్లు పెట్టుటకై ఎదురెక్కును. ఆ రోజులలో దారికి అడ్డముగా బుట్టలు పెట్టుట తగదు.

వానాకాలములో నీటి అంచున ఎర్రని చిన్న పిల్లల గుంపు కనబడినచో, వాటిని కాచుచు తల్లిదండ్రులు దగ్గరనే యుండును. అపుడు గాలము వేయుట సులభమే. కాని పెద్దది పట్టుబడినచో పిల్లలను ఇతర చేపలు తినివేయును. ఒక్క పూట కూరకు ఒక గుంపే పోవును.

మందుగుండుతోను, విషముతోను చేపలను చంపుట 1897 నాటి భారత మత్స్య చట్టము ప్రకారము నేరము. తెలియక చేయు తప్పు మరొకటి కలదు. చెరకు, అల్లము చేలకు పురుగుమందు కొట్టిన పిమ్మట పంపులను వాగులో కడుగరాదు. మడుగులోని చేపలకు పారిపోవు దారి లేదు. పశువులు త్రాగు నీరును అదియే.

విత్తనపు గింజలు వండుకొని తిను రైతు లేడు. వేసవి మడుగును కూడ అట్లే చూడుడు. అవసరమునకు పట్టుకొని, మిగిలినవి వానలకు విడువుడు.