ఆడో మగో తెలియనప్పుడు ఇంగ్లీషులో ఏమనాలి?

అమెరికాలో ఉద్యోగానికి చేరిన మనవాళ్ళకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. టేలర్ అనే పేరుతో మెయిల్ వస్తుంది. రిపోర్టు రేపటికల్లా కావాలట. ఆ మాట మేనేజరుకు రాయాలంటే 'హీ' అనాలా, 'షీ' అనాలా? టేలర్, జోర్డన్, కేసీ, మోర్గన్ లాంటి పేర్లు ఆడవాళ్ళకూ ఉంటాయి, మగవాళ్ళకూ ఉంటాయి. మన కిరణ్‌ని, సాయిని చూసి అమెరికన్లూ ఇలాగే తికమకపడతారు.

ఇలాంటప్పుడు 'దే' వాడితే సరిపోతుంది. ఒక్క మనిషికి బహువచనం ఏమిటని సందేహం రావచ్చు. కానీ ఈ వాడుక 14వ శతాబ్దం నుంచీ ఇంగ్లీషులో ఉంది. జేన్ ఆస్టెన్ నవలల్లోనూ కనిపిస్తుంది. 18వ శతాబ్దంలో వ్యాకరణకర్తలు దీన్ని తప్పుపట్టారు. తెలియనప్పుడు 'హీ' అనండి, ఆడవాళ్ళూ అందులోనే వస్తారన్నారు. బళ్ళలో అదే సూత్రం పాతుకుపోయింది. 1871లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం కూడా, చట్టాల్లోని పురుషవాచక పదాలు స్త్రీలకూ వర్తించవచ్చని చెప్పింది.

నిజంగా వర్తించాయా? 1872 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో, స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన సుసాన్ బి. ఆంథొనీ ఓటు వేశారు. ఆడవాళ్ళకు ఓటు హక్కు లేదంటూ అరెస్టు చేశారు. ఆ కేసుకు వాడిన అచ్చు ఫారాల్లో ఉన్నది 'హీ'. గుమస్తా దాని ముందు ఒక 'ఎస్' చేర్చి 'షీ' చేశాడు. ఆంథొనీ తన ఉపన్యాసాల్లో ఆ సంగతే పట్టుకున్నారు. పన్నులు వేయడానికీ, శిక్షించడానికీ సర్వనామాన్ని దిద్దుకోవచ్చు గానీ, ఓటు ఇవ్వడానికి దిద్దకూడదా అని నిలదీశారు. 1873లో కోర్టు 100 డాలర్ల జరిమానా వేసింది. ఆవిడ కట్టలేదు.

కొత్త మాట పుట్టించే ప్రయత్నాలూ జరిగాయి. చార్లెస్ కన్వర్స్ అనే న్యాయవాది 'థాన్' అనే సర్వనామాన్ని తయారుచేశారు. 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువులోకీ ఎక్కింది. జనం నోట ఆడలేదు కనుక 1961 కూర్పులో తీసేశారు. జనం వాడుతూ వచ్చింది 'దే'నే. 2019లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన రచనా నియమావళిలో దాన్ని ఆమోదించింది. మెరియమ్-వెబ్‌స్టర్ సంస్థ ఆ ఏటి మాటగా 'దే'నే ఎంపిక చేసింది.

తెలుగువాళ్ళకు ఇది మరీ కొత్తగా ఉండనక్కర్లేదు. "డాక్టరుగారు వచ్చారు" అంటే ఒక్కరే, ఆడో మగో ఆ మాటలో తెలియదు. అయితే ఒక తేడా ఉంది. మన 'వారు'లో మర్యాద ఉంది, 'దే'లో అది లేదు. మేనేజరు మహిళేనని తెలిసీ గౌరవం కోసం 'దే' అంటే, ఎదుటివాళ్ళు ఇంకెవరి గురించో అనుకుంటారు. తెలిసినప్పుడు 'షీ' అనడంలో అమర్యాద ఏమీ లేదు. మనిషి ఒకరే అయినా 'దే' పక్కన 'ఈజ్' రాదు, 'ఆర్' అనే రావాలి. ఒకరిని ఉద్దేశించి 'యు ఆర్' అంటున్నాం కదా, అలాగే.

మెయిల్ కింద సంతకంలో కొందరు 'షీ/హర్' అనో, 'హీ/హిమ్' అనో రాసుకుంటారు. అది చూసి అలాగే అనండి. ఆడా మగా అన్న రెండు గాటల్లోనూ ఇమడనివాళ్ళు కొందరు తమను 'దే' అనే పిలవమంటారు, అప్పుడదే వారి సర్వనామం. ఇక టేలర్ తన టీమ్‌తో మాట్లాడాక 'దే' నిర్ణయిస్తారని రాస్తే, నిర్ణయం టేలర్‌దా, టీమ్‌దా అన్నది తేలదు. అలాంటి చోట సర్వనామం మానేసి, టేలర్ అని పేరే మళ్ళీ రాయండి.